తెలుగునాట బృంద నృత్యం: కూర్పు, సాధకం, ప్రదర్శన

తెలుగువారి నృత్య చరిత్రను రాసిన పండితుల దృష్టి ఎక్కువగా ఏకపాత్ర నర్తనం మీదా, అభినయ సూక్ష్మాల మీదా, పేరు మోసిన నర్తకుల మీదా నిలిచింది. కానీ ఆలయ శిల్పాల్లోనూ, లక్షణ గ్రంథాల్లోనూ, ఊరి రామాలయాల ముంగిళ్ళలోనూ కనిపించే నృత్యంలో పెద్ద భాగం పలువురు కలిసి ఆడేదే. అలా కలిసి ఆడే ఆటకు ఒంటరి ఆటకు అక్కరలేని విద్య ఒకటి కావాలి. ఎవరు ఎప్పుడు రంగం మీదికి రావాలి, ఎవరి అడుగుకు ఎవరి అడుగు జవాబు కావాలి, ఒకరు తడబడితే పక్కవారు ఎలా సర్దుకోవాలి, ఇంతమందినీ ఒక్క తాళంలో పట్టి ఉంచే మనిషి ఎక్కడ నిలబడాలి అన్నవి ఆ విద్యలోని ప్రశ్నలు. వీటిలో చివరిది చరిత్రకారుడికి ఎక్కువ ఉపయోగపడుతుంది. బృందాన్ని నడిపించే మనిషి స్థానం వలయం నడుమ నుంచి రంగస్థలం అంచుకూ, అక్కడి నుంచి రంగం వెలుపలికీ జరుగుతూ వచ్చిన క్రమాన్ని గమనిస్తే తెలుగునాట సామూహిక నృత్య రచన ఎలా మారిందో చాలావరకు బోధపడుతుంది.

ఈ విద్యకు శాస్త్రంలో దొరికే తొలి ఆధారం భరతుని నాట్యశాస్త్రం నాలుగో అధ్యాయంలోని పిండీబంధాల ప్రకరణం. పిండీబంధం అంటే నర్తకులు కలిసి ఏర్పరచే ఆకృతి. ఒక్కొక్క దేవతకు సంబంధించిన వాహనాన్నో ఆయుధాన్నో చిహ్నాన్నో స్ఫురింపజేసేలా వీటిని కూర్చేవారని ఆ గ్రంథం చెబుతుంది. ముందు ఒక నర్తకి ప్రవేశించి ఆడడం, ఆ తరువాత మిగిలినవారు క్రమంగా వచ్చి చేరడం, అందరూ కలిసి ఆకృతిని కట్టడం అన్న వరస కూడా అక్కడే ఉంది. ఆ ఆకృతులను భరతుడు నాలుగు విధాలుగా విభజించాడు. అందరూ ముద్దగా ఒకచోట చేరితే పిండి, చేతులు కలుపుకొని గొలుసులా సాగితే శృంఖలిక, తీగల్లా ఒకరితో ఒకరు పెనవేసుకుంటే లతాబంధం, విడివిడిగా నిలిచి ఎవరి నృత్తం వారు చేస్తే భేద్యకం. ఈ నాలుగింటిలో భేద్యకం ప్రత్యేకంగా ఆలోచించదగినది. నర్తకులు విడిపోయిన తరువాత కూడా వారిని ఒక బంధంగానే లెక్కించడంలో, ఒకే అడుగు ఒకేసారి వేయడం మాత్రమే బృంద లక్షణం కాదన్న ఎరుక స్పష్టంగా కనిపిస్తుంది. ఆధునిక వేదికల మీద సామూహిక నృత్యాన్ని తరచు ఏకరూపతతోనే కొలవడం చూసినప్పుడు, పాతవారి అవగాహన ఎంత విశాలమైనదో అర్థమవుతుంది.

తెలుగుదేశానికి సంబంధించిన తొలి సమగ్ర సాక్ష్యం కాకతీయుల కాలానిది. గణపతిదేవుని గజసాహిణి, అంటే ఏనుగుల దళానికి అధిపతి, అయిన జాయ సేనాని 1253-54 ప్రాంతంలో సంస్కృతంలో నృత్తరత్నావళిని రచించాడు. ఎనిమిది అధ్యాయాల ఈ గ్రంథంలో మొదటి నాలుగు మార్గ సంప్రదాయాన్ని, అంటే భరతుని బాటలో సాగే శాస్త్రీయ పద్ధతిని వివరిస్తే, చివరి నాలుగు దేశి సంప్రదాయాన్ని, అంటే ఆయా ప్రాంతాల్లో జనం నడుమ వాడుకలో ఉన్న పద్ధతులను వివరిస్తాయి. సేనాధిపతిగా ఉన్నవాడు రాజాస్థాన నృత్యంతో పాటు జనపదాల ఆటలను కూడా లక్షణబద్ధం చేయదగినవిగా భావించడం ఈ గ్రంథానికి అరుదైన విలువను తెచ్చింది. రాసకం, దండరాసకం, చర్చరి, నాట్యరాసకం, కోల్లాటం వంటి పేర్లు దేశి భాగంలో వస్తాయి. వీటిలో దండరాసకం చేత కోలలు పట్టి లయకు అనుగుణంగా తాకిస్తూ పలువురు ఆడేది; చర్చరి వసంతోత్సవ సందర్భానికి చెందినది. శతాబ్దాల పాటు తాళపత్రాలకే పరిమితమైన ఈ గ్రంథాన్ని వి. రాఘవన్ పరిష్కరించగా 1965లో మద్రాసులో అచ్చయింది. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ దానిని తెలుగులోకి అనువదించారు. గ్రంథం వెలుగు చూడని ఆ శతాబ్దాలన్నిటా దానిలోని ఆటలు మాత్రం గ్రామాల్లో నడుస్తూనే వచ్చాయి.

గ్రంథంలోని మాటకు రాతిలో తోడు కూడా దొరుకుతుంది. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో కట్టించిన రామప్ప గుడి స్తంభాల మీదా దూలాల మీదా నర్తకులు, మద్దెల వాయించేవారు పక్కపక్కనే చెక్కబడి ఉన్నారు. శిల్పి వాద్యకారుణ్ణి నర్తకుల నడుమనే నిలపడాన్ని కేవలం అలంకారంగా తీసుకోనక్కరలేదు. ఆనాటి బృందంలో లయను పట్టే మనిషి ఆడేవారికి చేయి చాపితే అందేంత దగ్గరలో ఉండేవాడన్నది ఆ వరసల్లో చదవదగిన విషయం. దాదాపు ఈ కాలానికే చెందిన పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణంలో శివరాత్రికి శ్రీశైలం చేరిన జనం ఆటపాటలను వర్ణిస్తూ కోలాటం, గొండ్లి, పేరణి, ప్రేంఖణం వంటి పేర్లు చెప్పాడు. ఆస్థాన గ్రంథంలో లక్షణంగా కనిపించేదే యాత్రా స్థలంలో భక్తుల ఆటగా కనిపించడం, ఆ రెండు లోకాల మధ్య రాకపోకలు ఉండేవనడానికి మంచి ఆధారం.

నేర్పే పద్ధతి గురించి మాత్రం లక్షణ గ్రంథాలు చెప్పేది తక్కువ. ఆ లోటును కొంత తీర్చేది ఒక విదేశీయుని వర్ణన. శ్రీకృష్ణదేవరాయల కాలంలో, 1520 ప్రాంతంలో, విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు దోమింగో పేస్ రాజప్రాసాదంలో స్త్రీలకు నాట్యం నేర్పే ఒక మందిరాన్ని వర్ణించాడు. వెడల్పు తక్కువై పొడుగ్గా సాగిన ఆ మందిరంలో చెక్కడపు స్తంభాలు, వాటి నడుమ పలకలు ఉండేవి. ఒక్కొక్క పలక మీద ఒక్కొక్క ఆట ముగింపులో నర్తకి నిలవవలసిన భంగిమను చెక్కి ఉంచారనీ, ఆట చివర ఎలా నిలవాలో మరచిపోయినవారు ఆ పలక వైపు చూసి జ్ఞాపకం తెచ్చుకొనేవారనీ ఆయన రాశాడు. మందిరం కొసన ఎడమ వైపు రంగులు వేసిన ఒక గూడు ఉండేదట. స్త్రీలు అక్కడ చేతులతో పట్టుకొని వేలాడుతూ ఒళ్ళూ కాళ్ళూ సాగదీసుకొని శరీరాన్ని సులువు చేసుకొనేవారట. నాట్య శిక్షణ చరిత్రలో ఇంతకన్నా విలువైన వివరాలు అరుదు. నడుమ సాగే అడుగులను విడిచి ముగింపు భంగిమనే రాతిలో నిలపడానికి కారణం ఊహించడం కష్టం కాదు. మధ్యలో అడుగు తడబడితే తరువాతి ఆవర్తనంలో, అంటే తాళం మళ్ళీ మొదటికి వచ్చినప్పుడు, సర్దుకోవచ్చు. కానీ ఆట ఆగిన క్షణంలో పదిమందిలో ఒకరు వేరుగా నిలిస్తే సర్దుకొనే వ్యవధి ఉండదు, సభ చూపు ఆ ఒక్కరి మీదికే పోతుంది. రాయల కొలువులో నాట్యాచార్యులు ఈ సంగతిని బాగా ఎరిగే ఆ పలకలు చెక్కించి ఉంటారు.

రాజ్యాలు పోయినా చెక్కుచెదరక నిలిచిన బృంద నృత్య విద్యాలయం తెలుగు పల్లెల కోలాటం. దీనిని జానపద వినోదంగా ఒక్క వాక్యంలో తేల్చివేయడం పండితులకు అలవాటైంది గాని, కూర్పు దృష్టితో చూస్తే దీనికి సాటి వచ్చేవి తక్కువ. ఆటగాళ్ళు ఒకే వలయంగా ఆడేది ఏకకోలాటం. లోపల ఒకటి, వెలుపల ఒకటిగా రెండు వలయాలు కట్టి ఆడేది జంట కోలాటం. ఎదురెదురుగా నిలిచిన ఇద్దరు ఒకరికొకరు ఉద్ది. ఒక పాటకూ తాళానికీ తగినట్టు కూర్చిన అడుగుల, కోల దెబ్బల, స్థానాల మార్పుల వరసకు కోపు అని పేరు. గురువు వలయం నడుమ నిలిచి పాట ఎత్తుకుంటాడు, తాళం వేస్తాడు, కోపు మారవలసినప్పుడు కేకతోనో ఈలతోనో సైగ చేస్తాడు. ఆటగాడు తన కోలలు తాను తాకించుకొని, ఉద్ది కోలలకు తాకించి, సగం తిరిగి పక్కవాడి కోలలకు తాకించి ముందుకు సాగుతాడు. ఈ కదలికలో ఒకడి దెబ్బకు మరొకడి కోల సరిగ్గా ఆ క్షణంలో అక్కడ ఉండి తీరాలి. తప్పు జరిగితే అది చూపుకు అందేలోపే చెవికి అందుతుంది. కోల గాలిని కొడుతుంది, లేదా ఎదుటివాడి వేళ్ళకు తగులుతుంది. అందువల్ల కోలాటం నేర్చేవాడు తన అడుగుతో పాటు ఉద్ది అడుగును కూడా నేర్చుకోక తప్పదు.

కోపుల్లో జడకోపు, అంటే జడ కోలాటం, కూర్పు విద్యకు పరాకాష్ఠ. ఎత్తున కట్టిన తాళ్ళు ఆటగాళ్ళ చేతుల్లోకి దిగి ఉంటాయి. ఆటగాళ్ళ సంఖ్య సరిసంఖ్యగా ఉండాలి. సగం మంది కుడి వైపుగా, సగం మంది ఎడమ వైపుగా కదులుతూ, ఎదురైన ఒకరిని లోపలి నుంచి, తరువాతి వారిని వెలుపలి నుంచి దాటుతూ పోతే పైన తాళ్ళు జడగా అల్లుకుంటాయి. అల్లడం ఎంత కష్టమో విప్పడం అంతకన్నా కష్టం, ఎందుకంటే ఎన్ని చుట్లు ఏ వరసలో వెళ్ళారో అన్ని చుట్లు సరిగ్గా తలకిందుల వరసలో వెనక్కి రావాలి. ఒక్కరు ఒక్కచోట లోపలికి బదులు వెలుపలికి వెళ్ళినా అక్కడ ముడి పడి జడ విప్పుకోకుండా ఆగిపోతుంది. నృత్యంలో జరిగిన పొరపాటు ఆట ముగిశాక కూడా ఊరంతా చూసేలా తలల మీద వేలాడుతుంది. రాతప్రతి లేకుండా, బొమ్మ గీసుకోకుండా, చదువు రానివారు సైతం ఇంతటి గణితాన్ని కాళ్ళలో దాచుకొని తరతరాలకు అందించడం గౌరవంతో చెప్పుకోదగిన విషయం. పొలం పనులు ముగిశాక రాత్రి వేళల్లో గుడి ముందు సాధకం సాగించి, విద్య పట్టుబడిన తరువాత గజ్జె పూజ చేసి, ఆపైన నలుగురి ముందూ ఆడడం దీని ఆనవాయితీ. ఒకప్పుడు ఎక్కువగా మగవారు ఆడిన ఈ ఆట ఇప్పుడు చాలా ఊళ్ళలో స్త్రీల బృందాల చేతికి వచ్చింది. తిరుమల బ్రహ్మోత్సవాల్లో వాహన సేవల వేళ మాడ వీధుల్లో సాగే కోలాట బృందాల్లో వారే అధికం. వలయంగా నిలిచి ఆడడానికి పుట్టిన కోపులను నడుస్తూ ముందుకు సాగే వరసలకు మలచడం వీరికి కొత్తగా ఎదురైన కూర్పు సమస్య.

కృష్ణా జిల్లా మొవ్వ మండలంలోని కూచిపూడి ఈ చరిత్రలో మరొక పద్ధతికి ప్రతినిధి. అక్కడి భాగవతుల కుటుంబాలు, వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి, మహంకాళి వంటి ఇంటిపేర్లవారు, మేళాలుగా కట్టుకొని ఊరూరా యక్షగానాలు ఆడేవారు. యక్షగానం అంటే పాట, మాట, ఆట కలగలిసిన రూపకం. ప్రహ్లాద, ఉషాపరిణయం, శశిరేఖా పరిణయం, మోహినీ రుక్మాంగద వంటివి వీరి ప్రదర్శనల్లో పేరుపొందాయి. సిద్ధేంద్ర యోగి పేర చెలామణి అయ్యే భామాకలాపం కలాప సంప్రదాయానికి చెందినది. కలాపంలో పాత్రలు తక్కువ, యక్షగానంలో ఎక్కువ. ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాల్లో యక్షగాన ప్రదర్శనకు గట్టి రూపు తెచ్చినవారిలో చింతా వెంకటరామయ్య ముఖ్యులు. వెంకటరామ నాట్యమండలి ఆయన నడిపినదే.

మేళంలో బృందాన్ని పట్టి ఉంచేవాడు సూత్రధారుడు. ఆయన చేత తాళాలు పట్టి రంగం మీదనే ఒక పక్కన నిలబడతాడు. నట్టువాంగం, అంటే తాళం వేస్తూ జతుల సొల్లులు పలకడం, ఆయన పని. పాట అందుకోవడం, కథ ఒక ఘట్టం నుంచి మరొక ఘట్టానికి దాటేటప్పుడు సంధి వచనాలు చెప్పడం, పాత్రలను ప్రశ్నించి మాట్లాడించడం కూడా ఆయన పనే. పాత్ర ప్రవేశం ఈ పద్ధతిలో చూడవలసిన ఘట్టం. ఇద్దరు మనుషులు తెర పట్టుకొని నిలబడతారు. తెర వెనుక పాత్ర, తెర ముందు సూత్రధారుడు. ప్రవేశ దరువు, అంటే పాత్ర తన్ను తాను పరిచయం చేసుకొనే పాట, మొదలైన తరువాత పాత్ర తెర మీది నుంచి కొంచెం కొంచెంగా కనిపిస్తుంది. సత్యభామ అయితే తన జడను తెర మీదుగా ముందుకు వేస్తుంది. హిరణ్యకశిపుడి వంటి రౌద్ర పాత్ర వచ్చేటప్పుడు కాగడాల మీద గుగ్గిలం చల్లి మంట భగ్గున లేచేలా చేసేవారు. తెర పట్టినవారు, కాగడా పట్టినవారు, మద్దెలగాడు, పాడేవారు, నర్తకుడు అందరూ ఆ ఒక్క క్షణం కోసం సూత్రధారుడి తాళం మీదే చెవి పెట్టి ఉంటారు. నర్తకుల వరసలు, ఆకృతులు ఈ ప్రదర్శనలో తక్కువే. అయినా ఇది సంపూర్ణమైన సామూహిక రచన, ఎందుకంటే ఇక్కడ బృందం అన్న మాటలో గజ్జె కట్టనివారు కూడా ఉన్నారు.

మేళంలో పెరిగిన కుర్రవాడు ఒక్క వేషాన్ని విడిగా నేర్చుకొనేవాడు కాదు. ప్రహ్లాదుడి వంటి బాలపాత్రతో రంగమెక్కి, వయసు వచ్చేకొద్దీ స్త్రీ వేషాలకో రాజు వేషాలకో మారి, రాత్రి రాత్రీ పక్కన నిలిచి విన్నందువల్ల నాటకమంతా కంఠస్థమై, పెద్దవాడయ్యాక తాళాలు అందుకోగలిగేవాడు. ఒక రాత్రి ఒక వేషగాడు జబ్బుపడితే మరొకడు ఆ దరువు అందుకోవడం, ఊరివారి ఉత్సాహాన్ని బట్టి సూత్రధారుడు సంభాషణను పెంచడమో తగ్గించడమో చేయడం ఈ శిక్షణ వల్లనే సాధ్యమయ్యేవి. స్త్రీల ప్రవేశం లేకపోవడం దీని పరిమితి. దానికి ఎదురుగా కళావంతుల మేళాలు ఉండేవి. ఆలయాల్లోనూ కచేరీల్లోనూ స్త్రీలే పాడి, స్త్రీలే ఆడి, భామాకలాపాన్ని తమ పద్ధతిలో నిలిపిన ఆ మేళాల జీవనాధారం సంస్కరణోద్యమంతోనూ, దేవాలయాలకు స్త్రీల అంకితాన్ని నిషేధిస్తూ 1947లో వచ్చిన మద్రాసు చట్టంతోనూ తెగిపోయింది. ఆ చట్టం ఒక దుర్మార్గపు ఆచారాన్ని ఆపింది, అది అవసరమే. కానీ ఆ స్త్రీల చేతిలోని విద్యకు గౌరవప్రదమైన మరొక చోటు చూపకపోవడం వల్ల జరిగిన నష్టం పూడ్చలేనిది, ఆ నష్టాన్ని తెలుగు నృత్య చరిత్రలు ఇప్పటికీ తగినంతగా చెప్పడం లేదు.

వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి వంటి ఆచార్యులు స్త్రీలకు నేర్పడం ద్వారా కూచిపూడి వీధి నుంచి సభా భవనానికి నడిచే దారి తెరిచారు. ఆ దారిని బృంద నృత్యం వైపు మళ్ళించినవారు వెంపటి చినసత్యం. 1929లో కూచిపూడిలో పుట్టిన ఆయన 1947లో మద్రాసు చేరి, సినిమాలకు నృత్యాలు కూర్చుతున్న వెంపటి పెదసత్యం దగ్గర పనిచేశారు. అప్పటికే మద్రాసు స్టూడియోల్లో కూచిపూడివారు పలువురు స్థిరపడ్డారు. వేదాంతం రాఘవయ్య, పసుమర్తి కృష్ణమూర్తి పేర్లు తెలుగు సినిమా చరిత్రలో భాగమే. సినిమా పాటలో వెనుక వరస నర్తకులను కెమెరా కంటికి అనుగుణంగా నిలబెట్టడం, ఒక కదలికను ఒకే కొలతలో పదిమంది చేత చేయించడం అక్కడ ప్రతిరోజూ జరిగే పని. మేళంలో దొరకని ఈ అనుభవం చినసత్యం కూర్పుల మీద ముద్ర వేసిందని భావించడం సమంజసం. 1963లో ఆయన మద్రాసులో స్థాపించిన కూచిపూడి ఆర్ట్ అకాడమీ ద్వారా నృత్యనాటకం అన్న రూపం స్థిరపడింది. క్షీరసాగర మథనం, విప్రనారాయణ, శ్రీనివాస కళ్యాణం, రవీంద్రుని ఇతివృత్తంతో కూర్చిన చండాలిక ఈ వరసలో పేరుపొందినవి. ఎస్.వి. భుజంగరాయశర్మ సాహిత్యం, పట్రాయని సంగీతరావు సంగీతం వీటిలో అనేకానికి ప్రాణం పోశాయి.

యక్షగానానికీ నృత్యనాటకానికీ మధ్య వచ్చిన ప్రధానమైన మార్పు వాచికానికి సంబంధించినది. వాచికం అంటే పాత్రధారి తన నోటితో పాడడం, మాట్లాడడం. నృత్యనాటకంలో పాటనూ మాటనూ పక్కన కూర్చున్న గాయకులకు అప్పగించడంతో నర్తకి ఊపిరి మొత్తం ఆటకే మిగిలింది. వేగమైన జతులు, రంగమంతా చుట్టే నడకలు, నేలమట్టం నుంచి లేచే కదలికలు వరసలో ఉన్న అందరి చేతా చేయించడం అప్పుడే వీలయింది. అదే సమయంలో సూత్రధారుడు రంగం మీది నుంచి గాయకుల పక్కకు జరిగి నట్టువాంగానికి పరిమితమయ్యాడు. పాత్రను ఎదురు ప్రశ్న వేసి ఉడికించే ఆ గొంతు పోవడం సామాన్యమైన లోటు కాదు. అయినా దానికి బదులుగా దొరికిన బృంద సౌందర్యాన్ని తక్కువ చేయడం న్యాయం కాదు. పాల సముద్రాన్ని చిలికే కథను తీసుకుంటే, దేవతలు ఒక పక్షంగా, రాక్షసులు ఒక పక్షంగా లాగే ఆ ఘట్టానికి రెండు బృందాల ఎదురు లయ తప్ప మరొక భాష లేదు. ఒంటరి నర్తకి దానిని అభినయించి స్ఫురింపజేయగలదు గాని ఆ బరువును, ఆ లాగుడును సభ ముందు నిలపలేదు.

మూడు వైపులా జనం కూర్చొనే వీధి రంగం నుంచి ఒకే వైపు జనం ఉండే వేదికకు రావడం కూర్పు సూత్రాలను మార్చింది. వలయంలో ముందు వెనుకలు లేవు. వేదిక మీద ఉన్నాయి. వెనుక వరసవారు ముందు వరసలోని ఖాళీల్లో కనిపించేలా నిలవాలి, పొడుగువారిని ఎక్కడ ఉంచాలో ఆలోచించాలి, అడ్డంగా సాగే వరసకన్నా మూల నుంచి మూలకు సాగే వరసే వేదికకు లోతునిస్తుందని గ్రహించాలి, పక్కల నుంచి వచ్చే గుంపుకు తాళంలో ఎన్ని అక్షరాల వ్యవధి కావాలో ముందే లెక్కించి పాటలో ఆ మేరకు చోటు పెట్టించాలి. ఏకపాత్ర నర్తనంలో నట్టువాంగం నర్తకిని అనుసరించగలదు. ఆమె ఒక భావాన్ని మరి కొంత విస్తరించాలనుకుంటే పాట ఆ పంక్తిని మరొక్కసారి తిరుగుతుంది. బృందంలో ఆ వెసులుబాటు ఉండదు. ఎన్ని ఆవర్తనాల తరువాత వరస మారుతుందో ముందే నిర్ణయమై, అందరికీ ఒకేలా జ్ఞాపకం ఉండాలి. ఈ నిర్ణయాలన్నీ ప్రదర్శనలో కాక సాధకంలోనే జరగాలి కాబట్టి నృత్యదర్శకుడు తన అధికారమంతా సాధకశాలలోనే చెలాయించి, తెర లేచే సమయానికి కనుమరుగవుతాడు. చినసత్యం దగ్గర నేర్చినవారిలో చాలామంది భాగవతుల ఇళ్ళలో పుట్టినవారు కారు; భిన్న ప్రాంతాల నుంచి, విదేశాల నుంచి వచ్చినవారు కూడా అందులో ఉన్నారు. నాటకం వింటూ పెరిగే అవకాశం లేని వీరిని ఒక్క బాణీలోకి తేవాలంటే అడవులను, అంటే నృత్తానికి మూలమైన అడుగుల కట్టును, మూడు కాలాల్లోనూ ఒకే కొలతలో నేర్పడం తప్పనిసరి. ఆయన శిక్షణలోని ఆ కఠిన క్రమబద్ధత బృంద నృత్యం అవసరం నుంచి కూడా పుట్టిందని చెప్పవచ్చు. ఆయన శిష్యురాలు శోభానాయుడు హైదరాబాదు కేంద్రంగా ఈ నృత్యనాటక రచనను మరొక తరానికి తీసుకువెళ్ళారు.

ఇదే కాలంలో మరొక రకమైన ప్రయత్నం తెలంగాణలో జరిగింది. నటరాజ రామకృష్ణ నృత్తరత్నావళి పాఠాన్నీ రామప్ప శిల్పాలనూ దగ్గర పెట్టుకొని పేరిణి శివతాండవాన్ని పునర్నిర్మించి, 1985 శివరాత్రికి రామప్ప గుడి దగ్గరే పెద్ద ఎత్తున ప్రదర్శించారు. లక్షణ గ్రంథాల్లో పేరణికి ఘర్ఘరం, అంటే గజ్జెల ధ్వనితోనే లయ విన్యాసాలను పలికించే విద్య, ముఖ్యమైన అంగం. ఆ వర్ణనలు ప్రధానంగా ఒక నర్తకుడి ప్రజ్ఞను ఉద్దేశించినవి. రామకృష్ణ దానిని పురుషుల బృంద నృత్యంగా మలచడం పునరుద్ధరణ కన్నా కొత్త రచనకు దగ్గరైనది, అలా చెప్పడం ఆయన కృషిని తగ్గించడం కాదు. ఒక్కడి గజ్జెలో వినిపించే సన్నని ఘర్ఘరం పదుల కాళ్ళలో ఒకేసారి మోగాలంటే ఒక్క గజ్జె కూడా వేళ తప్పి పలకరాదు. గజ్జెలను మౌనంగా నిలపడం నేర్వనిదే ఈ ఆట సాధ్యం కాదు.

సంఖ్య పరంగా ఈ చరిత్రలో చివరి మలుపు ప్రవాసాంధ్రుల ద్వారా వచ్చింది. కాలిఫోర్నియాలోని తెలుగువారు నెలకొల్పిన సిలికానాంధ్ర సంస్థ నిర్వహించిన కూచిపూడి నాట్య సమ్మేళనాల్లో భాగంగా 2010 డిసెంబరులో హైదరాబాదు గచ్చిబౌలి స్టేడియంలో రెండు వేల ఎనిమిది వందలకు పైగా నర్తకులు హిందోళ రాగ తిల్లానాను ఏకకాలంలో ఆడారు. 2014లో ఆ సంఖ్య ఆరు వేలు దాటింది. వేర్వేరు ఊళ్ళలో, దేశాల్లో, వేర్వేరు గురువుల దగ్గర నేర్చినవారు ఒకే మైదానంలో ఒకే అంశాన్ని ఆడడంలో పాత మేళాలకు ఎన్నడూ ఎదురుకాని చిక్కు ఒకటి ఉంది. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు మాత్రమే ప్రయాణిస్తుంది. వాద్య ధ్వని ఒకే చోటి నుంచి వస్తే నూరు మీటర్ల దూరంలోని నర్తకికి అది సెకనులో దాదాపు మూడో వంతు ఆలస్యంగా చేరుతుంది; సెకనుకు నాలుగు అక్షరాలు నడిచే జతిలో అది ఒక అక్షరం కన్నా ఎక్కువ తేడా. చెవిని నమ్మి ఆడితే వెనుకవారి అడుగు తప్పక వెనకబడుతుంది, కంటిని నమ్మి ముందువారిని అనుసరిస్తే గజ్జె శబ్దం వినిపిస్తున్న పాటతో కలవదు. ధ్వని పెట్టెలను మైదానమంతటా పంచి ఉంచడం దీనికి కొంత పరిష్కారం. తిల్లానా వంటి నృత్త ప్రధానమైన అంశాన్ని, అంటే అభినయం కన్నా అడుగుల అల్లికకే ప్రాధాన్యం ఉన్న అంశాన్ని, ఎంచుకోవడం కూడా ఈ పరిస్థితిలో వివేకమే. అంత దూరం నుంచి కన్నుల అభినయం ఎవరికీ కనిపించదు. అయితే పిండి, శృంఖలిక, లతాబంధం, భేద్యకం అన్న నాలుగు మార్గాలు తెలిసిన సంప్రదాయం వేల మంది చేరిన చోట ఏకరూపతతోనే తృప్తిపడటం వెలితిగానే ఉంది. ఎదురు వరసలు, జవాబు అడుగులు, అల్లుకొని విడిపోయే గుంపులు అంత పెద్ద మైదానంలోనే మరింత శోభిస్తాయి. వాటికి కావలసిన విద్య అంతర్జాతీయ సమ్మేళనాల కన్నా ముందే గుడి ముంగిట జడ కోలాటం నేర్పిన గురువు దగ్గర ఉంది.

ఆచార్యుల శిక్షణలో కూర్పు విద్యకు ప్రత్యేక పాఠం చాలాకాలం లేదు. గురువు కూర్చుతుండగా వరసలో నిలిచి గమనించినవారే తరువాత కూర్చేవారయ్యారు. ఒక పాత్ర ఆడిన శిష్యురాలికి ఆ పాత్ర చుట్టూ ఉన్న రంగమంతా తెలియకపోవడం ఈ పద్ధతిలోని లోపం, మేళంలో పెరిగిన కుర్రవాడికి ఆ లోపం ఉండేది కాదు. కూచిపూడి గ్రామంలో తెలుగు విశ్వవిద్యాలయానికి చెందిన సిద్ధేంద్రయోగి కళాపీఠంలో ఏకపాత్ర నృత్యంతో పాటు యక్షగానం కూడా పాఠ్యాంశంగా ఉండడం ఆ కారణం చేత ముఖ్యమైనది. యక్షగానం నేర్చే విద్యార్థి దరువుతో పాటు తెర వెనుక నిలవడాన్నీ, సంధి వచనాన్నీ, తాళాలు పట్టి ఎదుటి పాత్రను మాట్లాడించడాన్నీ అభ్యసించవలసి ఉంటుంది.